జైల్లో పోసిన ఒడిబియ్యం

ఆ జైలు ఏ ఊర్లో ఉందో చెప్పను, అడగొద్దు. కోరుట్లలో పొద్దున బస్సెక్కితే ఎండ ముదరకముందే దిగిపోవచ్చు, అంతవరకే చెబుతాను. అక్కడ పనిచేసిన వార్డరమ్మ ఇప్పటికీ పింఛను తీసుకుంటోంది. ఈ వయసులో ఆమెను ఎవరో వచ్చి నిలదీయడం నాకిష్టం లేదు. మిగతాదంతా చెబుతాను. దాచుకోవడానికి మేం చేసిన తప్పేమీ లేదు.

నేను ఏడో తరగతి దాకా చదివాను. తర్వాత బీడీలు చేశాను. పెళ్లయ్యాక కూడా బీడీలే, మొగుడు పోయాక కూడా బీడీలే. కోరుట్లలో మా వాడంతా అదే పని. పొద్దున వంటలు తెమిలాక అందరం మా అరుగు మీదికి చేరి, ఒళ్లో చాటలు పెట్టుకొని కూర్చునేవాళ్లం. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతూ ఊరి మీద తీర్పులు చెప్పేవాళ్లం. మా తీర్పులు కోర్టు తీర్పుల కంటే తొందరగా తేలేవి.

అవి అన్నల రోజులు. చీకటి పడితే అడవిలోంచి ఊర్లలోకి నక్సలైటు అన్నలు వచ్చేవాళ్లు, తెల్లారితే పోలీసులు వచ్చేవాళ్లు. అన్నలు అన్నం అడిగితే జనం పెట్టేవాళ్లు. భుజాన తుపాకి ఉన్నా లేకపోయినా, గడపలో నిలబడి ఆకలని అన్న మనిషికి మా దగ్గర లేదనరు. అన్నం పెట్టడం కూడా నేరమేనని మాకు ఆ రోజుల్లోనే తెలిసింది. ఆ నేరం మీద లోపలికి పోయినవాళ్లను చూడ్డానికి సొంతవాళ్లు కూడా పోయేవాళ్లు కాదు. జైలు గేటు దగ్గర ఎవరు కనిపిస్తే వాళ్ల పేరు రాసుకుంటారని భయం.

మా వాడలో ఒకామె కొడుకును గోడ మీద ఏవో రాతలు రాశాడని పట్టుకుపోయారు. ములాఖత్‌కు ఒక్కతే పోవాలంటే ఆమెకు కాళ్లు ఆడలేదు. "నువ్వు గట్టిదానివి, తోడు రావే" అంది. గట్టిదానివని ఎవరన్నా అంటే నేను ఎక్కడికైనా లేచిపోతాను, చిన్నప్పటి నుంచీ అంతే.

అదే నేను మొదటిసారి జైలు చూడటం. మధ్యలో ఇనుప జాలీ, ఇటు మేము, అటు వాళ్లు. అందరూ ఒకేసారి మాట్లాడతారు కాబట్టి అందరూ అరవాలి. ఇంటి సంగతులు, కోర్టు సంగతులు, బర్రె ఈనిన సంగతి, అన్నీ అరుపులే. ఆ గోలలో ఒక ఆడపిల్ల జాలీ దగ్గరికి రాకుండా గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. పాతికేళ్లు కూడా ఉండవు. వచ్చిన వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది. చూడ్డం అయిపోయాక తల దించుకుంది. జుట్టు అట్టలు కట్టి ఉంది.

"గా పిల్ల ఎవలమ్మా?" అని వార్డరమ్మను అడిగాను. ఖాకీ చీర కట్టుకొని, లాఠీ చంకలో పెట్టుకొని నిలబడి ఉందామె.

"దానికి ఎవ్వలు రారు" అంది.

"ఎందుకు రారు?"

"అచ్చినోళ్ల పేర్లు రాసుకుంటరు, తెల్వదా నీకు? రేపు నీ ఇంటికి గుడ అస్తరు."

"రానియ్యి. చాయ్ పోస్త" అన్నాను.

వార్డరమ్మ నన్ను కింది నుంచి మీది దాకా చూసి మొహం తిప్పుకుంది. నవ్వుకుందని నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు అరుగు మీద నేనే మాట ఎత్తాను. ఎవరూ రాని వాళ్లను మనం పోయి చూసొద్దామన్నాను. చాటల మీద చేతులన్నీ ఆగిపోయాయి. మాలో వయసులో పెద్దావిడను మేమందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె కత్తెర కింద పెట్టింది.

"నీకేమన్న పిచ్చి లేసిందానే? గది మన మీదికే అస్తది."

"ఏమస్తది? మన దగ్గర ఏం గుంజుకపోతరు, తంబాకా?"

మొదట ఒకామె నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. నవ్వినవాళ్లు వద్దనలేరు. ఆ రోజే ఏర్పాటు చేసుకున్నాం. ములాఖత్ రోజున మాలో ఒకరమో ఇద్దరమో పోవాలి, పోయినవాళ్ల బీడీలు మిగతావాళ్లు చేసిపెట్టాలి. ఇది మాకు కొత్త పని కాదు. ఎవరికైనా కాన్పయితే, ఎవరింట్లోనైనా చావు జరిగితే వాళ్ల చాట ఖాళీ పోకుండా మేమంతా కలిసి నింపేవాళ్లం. కార్ఖానావాళ్లకు తేడా తెలిసేది కాదు. కాన్పు, చావు వరసలో జైలును కూడా కలుపుకున్నాం, అంతే.

మా బావగారికి మాత్రం మండింది. గడపలో నిలబడి కేకలేశాడు. "మొగుడు లేని ఆడిది జైళ్లెంబడి తిరుగుడేంది? ఇంటి పరువు తీస్తున్నవ్."

"మీ అవ్వ దొర గడిల వెట్టి చేసిననాడు పోని పరువు, నేను జైలుకు పోతే పోతదా బావా?" అన్నాను.

దసరా దాకా ఆయన నాతో మాట్లాడలేదు. ఆ కొన్ని నెలలు ఇంట్లో ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గోడ రాతల పిల్లవాడు తొందరగానే బయటికొచ్చాడు. మేం మాత్రం పోవడం మానలేదు. మగవాళ్ల వైపు మేకలు కాసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఆయనకూ ఎవరూ రారు. మాలో ఒకామె జాలీ దగ్గర నిలబడి ఆయనతో మేకల రోగాల గురించి మాట్లాడేది. ఆమెకు జీవితంలో ఒక్క మేక లేదు. అయినా వారం వారం కొత్త రోగం ఒకటి కనుక్కొని పోయేది. ఆయన మందు చెప్పేవాడు, ఈమె తల ఊపేది. నేను చూసిన స్నేహాల్లో అంత నిఖార్సైనది ఇంకొకటి లేదు.

గోడకు ఆనుకున్న పిల్ల నా వంతు. రెండు వారాలు ఒక్క మాట మాట్లాడలేదు. నాకు కోపమొచ్చింది. "బస్సుల నిలబడి అచ్చిన. నువ్వు మాట్లాడకుంటె నేనే మాట్లాడుత" అని, మా ఇంట్లో గుడ్డు పెట్టని కోడి గురించి మొదలుపెట్టాను. దానికి గింజలు వేస్తే తింటుంది, పక్కింట్లోకి పోయి కూస్తుంది, గుడ్డు మాత్రం పెట్టదు. దాన్ని కోసుకుతిందామంటే మా అత్తకు మనసొప్పదు. ఇలా ములాఖత్ అంతా కోడి గురించే చెప్పాను. చుట్టుపక్కల ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, నేను కోడి గురించి అరుస్తున్నాను. తర్వాతి వారం పోయేసరికి ఆ పిల్ల జాలీ దగ్గరే నిలబడి ఉంది.

"కోడి గుడ్డు పెట్టిందా అక్కా?" అని అడిగింది.

అప్పటి నుంచీ నేను అక్కను, ఆమె చెల్లె. ఈర్పెన, కొబ్బరినూనె తీసుకుపోయి వార్డరమ్మకు ఇస్తే ఆమె లోపలికి చేర్చేది. జుట్టు అట్టలు విడిపోయాయి. మొహం బయటపడింది. మంచి మొహం, కొంచెం పొగరుంది. పొగరున్న ఆడవాళ్లంటే నాకిష్టం.

ఆమె కథ కొంచెం కొంచెంగా చెప్పింది. అత్తగారిల్లు కోనరావుపేట దిక్కు పల్లె, తల్లిగారిల్లు బుగ్గారం దిక్కు. మొగుడు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. పని పడిపోతే భీవండి పోయాడు. ఒక సాయంత్రం ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అన్నలు వచ్చి బువ్వ అడిగారు. వండి పెట్టింది. ఎవరో చెప్పారు, పోలీసులు పట్టుకొచ్చారు. మొగుడికి కబురు అందిందో లేదో తెలియదు, అత్తగారోళ్లు భయపడి రాలేదు. అక్కడితో అయిపోతే బాగుండేది. ఆమెకు ఒక తమ్ముడున్నాడు. కాలేజీలో చదువుతూ ఎవరితోనో తిరిగాడని వాడి కోసం వెతుకుతున్నారు. వాడు దొరకలేదు, అక్క దొరికింది.

వారానికోసారి మఫ్టీలో ఒక మనిషి వచ్చేవాడు. చేతిలో తెల్లకాగితం. దాని మీద ఆమె బొటనవేలు ఒత్తాలి. ఆ రోజు అన్నలను ఇంటికి తెచ్చింది తన తమ్ముడేనని వేలిముద్ర పైన పోలీసులు రాసుకుంటారు. ఒత్తితే పొద్దుగూకే లోపల ఇంటికి పోవచ్చు. ఆ కాగితం తర్వాత తమ్ముడు దొరికితే ఏమవుతుందో మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొద్దున రేడియోలో ఎదురుకాల్పులు అని చెబుతారు.

"నేను ఏలు పెట్టలే అక్కా" అంది. "గని ఆయన ప్రతిసారి ఒక్కటే మాట అంటడు. నీకోసం నీ తల్లిగారింటి నుంచి కుక్క గుడ రాలేదు, గసొంటోళ్ల కోసం నువ్వెందుకు సస్తున్నవ్ అంటడు. మా అవ్వ లేదు. మా నాయన ముసలోడు, బయపడుతడు. నాకెరుకే. గని అక్కా..." అని ఆగి, ఏడుపు మొదలుపెట్టింది. "ఈ ఏడు నాకు ఒడిబియ్యం ఏడు."

నాకు ఒళ్లు మండింది. మెడ మీద కత్తి ఉంటే ఒడిబియ్యం కోసం ఏడుస్తావా అని కసిరాను. బస్సెక్కి సగం దూరం వచ్చాక నాకు తెలిసొచ్చింది. వాడు కొడుతున్నది సరిగ్గా అక్కడే.

తెలియని వాళ్లకు చెబుతాను. మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లకు బేసి సంవత్సరం చూసి తల్లిగారోళ్లు ఒడి నింపుతారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, పసుపు కొమ్ములు, కొత్త చీర. ఐదుగురు ముత్తైదువలు పోయాలి. నిండిన ఒడిలోంచి ఆ పిల్ల ఐదు పిడికిళ్లు తీసి తల్లిగారింట్లోనే పెడుతుంది, ఆ ఇల్లు కూడా చల్లగా ఉండాలని. మిగతావి అత్తగారింటికి మోసుకుపోయి వండి అందరికీ పెడుతుంది. ఒడి నిండని ఆడపిల్లంటే వెనక ఎవరూ లేని ఆడపిల్ల. వాడు వారం వారం ఆమెకు గుర్తుచేస్తున్నది అదే. వేలు ఒత్తించడానికి వాడికి లాఠీ అక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు. ఎన్ని వారాలని తట్టుకుంటుంది?

"ఒడిబియ్యం మనం పోద్దాం" అన్నాను అరుగు మీద. "జైల్ల పోద్దాం."

ఈసారి ఎవరూ పిచ్చి లేసిందా అనలేదు. ఒకామె బియ్యం ఇస్తానంది, ఒకామె కుడుకలంది. సిరిసిల్లలో అన్న ఉన్నామె సాంచ మీంచి అప్పుడే దిగిన ఆకుపచ్చ చీర తెప్పిస్తానంది. పెద్దమ్మ ముత్తైదువలను వేళ్ల మీద లెక్కపెట్టి ఐదు దగ్గర ఆగింది. తర్వాత నా వైపు చూసింది.

"నువ్వు అస్తే రా. గని జరంత పక్కకు నిలబడాలె. మంచి కార్యం" అంది.

నా నోరు అందరికీ తెలుసు. అప్పుడు ఆ నోరు పడిపోయింది. కోడి కథలు చెప్పి ఆ పిల్లను గోడ దగ్గరి నుంచి జాలీ దగ్గరికి తెచ్చింది నేను. బియ్యం పోసేటప్పుడు మాత్రం నా నీడ పడొద్దట. నా మొగుడు జ్వరమొచ్చి పోతే అందులో నా చేతికి అంటిన మైల ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ ఆ పిల్ల మనసులో రవ్వంత అనుమానం కూడా ఉండకూడదనుకున్నాను. పక్కకు నిలబడతానన్నాను. అన్నాను గానీ, ఆ రోజు నేను చేసిన బీడీలన్నీ వంకరగా వచ్చాయి.

పోయే రోజు బస్టాండ్‌లో ఇంకో దెబ్బ తగిలింది. ఐదుగురిలో ఒకామె చాట చంకలో పెట్టుకొనే వచ్చింది, మొహం మాడిపోయి ఉంది.

"నేను రాలేనక్కా. మా ఆయన దుబాయి నుంచి అచ్చిండు గదా. పాస్‌పోర్టుకు పోలీస్ ఎంక్వైరీ ఉన్నది. జైలు కాడ నా పేరు రాసుకుంటె ఆయన పోవుడు బందయితదట."

ఆమెను తిట్టడానికి నాకు మనసు రాలేదు. మా దగ్గర సగం ఇళ్ల పొయ్యిలు ఆ పాస్‌పోర్టు మీదే వెలుగుతాయి. "మీ అందరి బీడీలు నేను జేస్త" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. అన్నట్టే చేసింది కూడా.

ముత్తైదువలు నలుగురు, నేనొకదాన్ని. జైలు గేటు ముందు దిగాం. జైలరు బయటి జిల్లా మనిషి. మమ్మల్నీ మా మూటల్నీ చూసి ముఖం చిట్లించాడు.

"ఎవరమ్మా మీరంతా?"

"తల్లిగారోళ్లం సార్" అన్నాను.

"ఇంటిపేరేంటి?"

"ఎప్పటిది చెప్పాలె సార్? పుట్టిననాటిదా, పెండ్లయినంకటిదా?"

"ఈ బియ్యమెందుకు? లోపల తిండి పెడుతున్నాం కదా."

"తినేటందుకు కాదు సార్, ఒడి నింపేటందుకు."

ఆయనకు అర్థం కాలేదు. వార్డరమ్మ ఆయన దగ్గరికి పోయి మెల్లగా విడమర్చి చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇలాంటివన్నీ రక్తసంబంధీకులే చేయాలి, మీరు చుట్టాలు కాదు, రూల్ ఒప్పుకోదు అన్నాడు.

"జెండా పండుగకు లోపల లడ్డూలు పంచిండ్రు గదా సార్. ఎవలకు ఎవలు చుట్టాలని అడిగి పంచిండ్రా?"

వెనక ఉన్న సెంట్రీ దగ్గి నవ్వు మింగాడు. జైలరు చెడ్డవాడేమీ కాదు, భయస్తుడు. చివరికి, సరే, ములాఖత్ టైములోనే, లోపలి వాకిట్లో, తొందరగా కానివ్వండి అన్నాడు. కానీ బియ్యం తనిఖీ చేయాలట. అందులో చీటీ ఉండొచ్చట.

చేశారు. ఇద్దరు సెంట్రీలు కూర్చుని పసుపు బియ్యం జల్లెడ పట్టారు. కుడుకలు తిప్పి తిప్పి చూశారు. పోకలు వేలితో కొట్టి చూశారు. వాళ్ల ఖాకీ చొక్కాలంతా పసుపు. "రాళ్లు మేం ఏరినం బిడ్డా, మీరు చీటీలు ఏరుండ్రి" అని పెద్దమ్మ అంటే వాళ్లు కూడా నవ్వారు.

చెల్లెను వాకిట్లోకి తీసుకొచ్చారు. మమ్మల్ని జాలీ లేకుండా చూడటం ఆమెకు అదే మొదలు. కొత్త చీర చేతికిస్తే ఎటు తిప్పాలో తెలియనట్టు నిలబడిపోయింది. కట్టుకొచ్చి పీట మీద కూర్చుంది. అప్పుడు పెద్దమ్మ గొణిగింది.

"నలుగురమే గదనే. ఐదో చెయ్యి లేకుండ ఒడి నిండదు."

ఆమె నా వైపు చూడలేదు. నేను పక్కనే ఉన్నాను, రెండు చేతులూ ఉన్నాయి. ఆ క్షణంలో నాకు పెద్దమ్మ మీద, నా మీద, చచ్చిపోయిన మొగుడి మీద కూడా కోపమొచ్చింది. ఆ కోపంలో తల తిప్పితే వార్డరమ్మ కనిపించింది. ఖాకీ చీర కొంగు కింద నల్లపూసలు కనిపిస్తున్నాయి.

"అమ్మా, నువ్వు రా" అన్నాను.

"నేనా? నేను డ్యూటీల ఉన్న."

"డ్యూటీకి పుస్తె తీసి అస్తున్నవా?"

ఆమె జైలరు గది వైపు చూసింది, పీట మీద పిల్ల వైపు చూసింది. లాఠీ తీసి నా చేతికిచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని వచ్చి వరసలో ఐదో మనిషిగా నిలబడింది. లాఠీ పట్టుకొని పక్కన నిలబడింది నేను. ఆ చిత్రం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

పెద్దమ్మ మొదట పోసింది. చివర వార్డరమ్మ పోసింది. ఆమె దోసిట్లోంచి నాలుగు గింజలు కింద పడ్డాయి, ఒక్కొక్కటీ ఏరి మళ్లీ ఒడిలో వేసింది. చెల్లె ఏడవలేదు. ఒడి రెండు చేతులా పట్టుకొని అలాగే కూర్చుంది. నేను వార్డరమ్మకు లాఠీ ఇస్తూ చెప్పాను.

"ఒడి నింపినవ్ గదా. ఇగ నువ్వు దీనికి వదినవు. యాదిల పెట్టుకో."

"ఓ యమ్మా, నన్ను గుడ కట్టేస్తివి గదనే" అంది వార్డరమ్మ. నవ్వుతూనే అంది గానీ ఆ మాట ఆమెకు తగిలింది.

ఐదు పిడికిళ్లు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. చెల్లె ఆ ఐదూ తీసి పాత రవికె గుడ్డలో మూట కట్టి వార్డరమ్మకు ఇచ్చింది. "నీ దగ్గర ఉంచు వదినా. యాడ పెట్టాలెనో నాకు ఎరుకైననాడు అడుగుత" అంది. మిగతా బియ్యం జైలు వంటింట్లో వండి అందరికీ వడ్డించిందట. మేకల ముసలాయనా తిన్నాడు, సెంట్రీలూ తిన్నారు. మా దిక్కు రూల్స్ తనకు తెలియవంటూనే జైలరు కూడా ఒక ముద్ద తిన్నాడని వార్డరమ్మ చెప్పింది.

తర్వాతి ములాఖత్‌కు నేనే పోయాను. జాలీ దగ్గర కోడి సంగతి మాట్లాడుతున్నాం, అది ఎట్టకేలకు గుడ్డు పెట్టింది. మఫ్టీ మనిషి అప్పుడే వచ్చాడు. సిరా డబ్బా, తెల్లకాగితం. నన్ను పట్టించుకోలేదు.

"ఏం సంగతి? ఇయ్యాలన్న ఏలు పెడుతవా, లేదా? ఎవలున్నరని సూస్తున్నవ్? నీ తల్లిగారోళ్లు నిన్ను మరిచే పోయిండ్రు."

చెల్లె నోరు తెరిచేలోపే వార్డరమ్మ మధ్యలోకి వచ్చింది.

"సార్, ములాఖత్ నడుస్తున్నది. జైలర్ సార్ రాసిచ్చిన కాయితం ఉంటేనే ఖైదీతోని మాట్లాడుండ్రి. ఇప్పుడు తల్లిగారోళ్లు అచ్చిండ్రు."

ఇన్ని వారాలూ ఆమె ఆ కాగితం అడగలేదు. ఆ రోజు అడిగింది. ఆయన మొహం ఎర్రబడింది.

"తల్లిగారోళ్లా? ఎవలు?"

"నేను" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే లేచింది. "రాసుకో సారూ. కోరుట్ల, బీడీల వాడ. అరుగు మీద చాటలు పెట్టుకొని కూసుంటం. నా ఒక్కదాని పేరు రాస్తె సరిపోదు, వాడ మొత్తం రాసుకో. దీని ఒడి నింపినోళ్లం మేము. ఇగ దీనికి ఎవ్వలు లేరని ఇంకోసారి అనకు."

నాకు భయం వేయలేదని చెబితే అబద్ధం. కానీ జాలీ అవతల చెల్లె రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని, గడ్డం ఎత్తి వాడి కళ్లలోకి చూస్తోంది. "నేను పెట్ట" అంది. అంతే. జైలరు గదిలోంచి బయటికి రాలేదు, కాగితం రాసివ్వలేదు.

వాళ్లు మా వాడకు వచ్చారు, రాకుండా ఉంటారా? తునికాకు సంచులు కుమ్మరించారు, తంబాకు మట్టిలో పోశారు. నువ్వామెకు ఏమవుతావని ఒక్కొక్కరినీ అడిగారు. అక్కను, వదినను, పెద్దమ్మను అని వరసగా చెప్పారు. దుబాయి ఆయన భార్య మా అరుగు దగ్గరికి వచ్చి, ఎవరూ అడగకుండానే, "నేను గుడ వదిననే" అంది. వాళ్లు పోయాక అందరం కూర్చుని ఆకులు ఏరుకున్నాం. నేను మాట ప్రకారం చాయ్ పోస్తానన్నాను, వాళ్లే తాగలేదు.

చాలా నెలలకు కేసు కొట్టేశారు. వేలిముద్ర లేదు, సాక్షులు లేరు. తమ్ముడు ఎక్కడో బొంబాయి దిక్కు సాంచాల మీద పని చేసుకుంటూ బతికున్నాడని తర్వాత తెలిసింది. బతికున్నాడు. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు.

విడుదలైన రోజు మేమందరం గేటు దగ్గరికి పోయాం. ఎదురుగా హోటల్ ముందు మఫ్టీ మనిషి చాయ్ గ్లాసు పట్టుకొని మమ్మల్నే చూస్తున్నాడు. చెల్లె ఆకుపచ్చ చీరలో బయటికొచ్చింది. వెనకే వార్డరమ్మ వచ్చి రవికె గుడ్డ మూట ఆమె చేతిలో పెట్టింది. ఇన్నాళ్లూ తన ఇంట్లో దేవుడి దగ్గర పెట్టుకుందట.

"ఈడనే గేటు కాడ పెట్టు" అంది పెద్దమ్మ. "ఒడి నింపింది ఈడనే గదా."

చెల్లె గేటు వైపు ఒకసారి చూసింది. "ఇది తల్లిగారిల్లు ఎట్లయితది పెద్దమ్మా? ఇది జైలు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అక్కా, కొంగు పట్టు."

నేను వెనక్కి జరిగాను. జైలరుతో, మఫ్టీవాడితో, మా బావతో మాటకు మాట అన్నదాన్ని, నా నోట్లోంచే ఆ మాట వచ్చింది. "అద్దు చెల్లె. మొగుడు లేనిదాని ఒడిల పొయ్యద్దు. నీకు మంచిది కాదు."

చెల్లె వచ్చి నా కొంగు తానే పట్టి నా చేతుల్లో పెట్టింది. మూట విప్పింది.

"నీ ఒడిల పోస్తలేనక్కా. మా తల్లిగారింట్ల పెడుతున్న" అంది.

ఐదు పిడికిళ్లూ పోసింది. సిరా అంటని ఆ బొటనవేలు నా కొంగులోకి వచ్చిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఐదోది పోసేసరికి నాకు ఏమీ కనిపించలేదు. పెద్దమ్మ ముందుకొచ్చి నా కొంగుకు తనే గట్టిగా ముడి వేసింది.

రోడ్డు దాటుతుంటే మఫ్టీ మనిషి అడ్డమొచ్చాడు. "ఏందది కొంగుల?"

"బియ్యం సారూ. జల్లెడ పడుతవా?"

వాడు జరిగాడు. చెల్లె చెయ్యి పట్టుకొని బస్సెక్కాను. కోరుట్ల వచ్చేదాకా ఆ ముడి విప్పలేదు.